షుగర్ వచ్చినవారి ఉదయపు టిఫిన్‌కు మహబూబ్‌నగర్‌లో ఒక జొన్నరొట్టెల సెంటర్

మహబూబ్‌నగర్‌లో న్యూటౌన్ వైపు ఒక సందు మలుపులో ఉన్న జొన్నరొట్టెల సెంటర్ గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. సాయంత్రం పూట రొట్టెలు అమ్మే చోట్లు మన పట్టణంలో చాలానే ఉన్నాయి. చీకటి పడే వేళకు ఏ చౌరస్తాలో చూసినా పెనం ముందు కూర్చుని రొట్టెలు తట్టే ఆడవాళ్లు కనిపిస్తారు. ఇడ్లీ బండ్లతో పాటే పొద్దున్నే పొయ్యి వెలిగించి, రొట్టె, పెసరట్టు, గుడాలు, అంబలి టిఫిన్‌గా పెట్టే చోటు మాత్రం అరుదు. ఈ సెంటర్ బోర్డు మీద ‘చిరుధాన్యాల టిఫిన్లు, షుగర్ ఉన్నవారికి ప్రత్యేకం’ అని రాసి ఉంటుంది. ఇక్కడ దొరికే వాటిలో కొన్ని నిజంగా మధుమేహం ఉన్నవారి కోసమే వండినట్టు ఉంటాయి. మరికొన్నింటికి ఆ మాట వర్తించదు. ఏది ఏ కోవకు వస్తుందో తెలుసుకుని వెళితే ఈ దుకాణం మనకు చాలా మేలు చేస్తుంది.

నాకు టైప్ 2 మధుమేహం ఉందని తేలిన తరువాత అన్నిటికన్నా ఎక్కువగా వేధించిన ప్రశ్న, పొద్దున ఏం తినాలన్నదే. పరగడుపున చేసిన రక్తపరీక్షలో చక్కెర 100 మిల్లీలీటర్లకు 126 మిల్లీగ్రాములు, లేదా మూడు నెలల సగటును చూపే హెచ్‌బీఏ1సీ 6.5 శాతం, అంతకు మించి వచ్చి, మళ్లీ చేసినా అలాగే ఉంటే మధుమేహం అని నిర్ధారిస్తారు. ఆ కాగితం చేతికి వచ్చిన రోజున డాక్టరు మందులు రాసి, ‘ఇడ్లీ, దోశ తగ్గించండి’ అని చెప్పి పంపిస్తారు. వాటి స్థానంలో ఏం తినాలో వివరంగా చెప్పే తీరిక చాలామంది డాక్టర్లకు ఉండదు. మధ్యాహ్నం అన్నం తగ్గించి కూర పెంచుకోవచ్చు, రాత్రి రొట్టె తినవచ్చు. మన ఇళ్లలో, హోటళ్లలో పొద్దుటి టిఫిన్ అంటే మాత్రం బియ్యపు రవ్వ, గోధుమ రవ్వ, మైదా, అటుకులు. పక్కన కూర ఉండదు, పప్పు ఉండదు, చట్నీ మాత్రమే ఉంటుంది.

దీనికి తోడు శరీరం కూడా ఆ వేళ మనకు సహకరించదు. తెల్లవారుజామున కార్టిసాల్ వంటి హార్మోన్లు పెరుగుతాయి, కాలేయం తనలో దాచుకున్న గ్లూకోజును రక్తంలోకి వదులుతుంది, ఇన్సులిన్ అంత చురుకుగా పనిచేయదు. అందుకే టైప్ 2 ఉన్న చాలామందిలో టిఫిన్ తరువాత వచ్చే రీడింగే రోజు మొత్తంలో అన్నిటికన్నా ఎక్కువగా ఉంటుంది. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగి 2023లో వెలువడిన దేశవ్యాప్త అధ్యయనం మన దేశంలో 10 కోట్లకు పైగా జనం మధుమేహంతో ఉన్నారని అంచనా వేసింది. అంతమంది ఉన్న దేశంలో, జొన్నలు పండే మన పాలమూరులో సైతం, వారికి సరిపోయే టిఫిన్ కోసం వీధులు వెతుక్కోవలసి రావడం నాకు బాధగా ఉంది. ఈ సెంటర్‌ను ఇంత శ్రద్ధగా పరిశీలించడానికి కారణం అదే.

ఎలా పరిశీలించానో కూడా చెప్పడం న్యాయం. ఒక్కో రోజు ఒక్కో పదార్థం తిని, మొదటి ముద్ద నోట్లో పెట్టినప్పటి నుంచి రెండు గంటలు లెక్కపెట్టుకుని ఇంట్లోని గ్లూకోమీటరుతో చూసుకున్నాను. చాలామందికి డాక్టర్లు పెట్టే లక్ష్యం ఆ సమయానికి 180 లోపు ఉండటం. వయసును బట్టి, ఇతర జబ్బులను బట్టి కొందరికి అది మారవచ్చు. వేలు గుచ్చే ముందు సబ్బుతో చేతులు కడుక్కుని ఆరబెట్టుకోవాలి, ఎందుకంటే వేలికి అంటిన పండు రసమో బెల్లమో కూడా రీడింగును పెంచి చూపిస్తుంది. ఇంటి మీటర్లకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణమే 15 శాతం వరకు తేడాను అనుమతిస్తుంది కాబట్టి 165కు, 175కు మధ్య తేడాను నేను పట్టించుకోలేదు. ఒకే పదార్థం మళ్లీ మళ్లీ తిన్నప్పుడు ఒకే తీరు కనిపిస్తేనే లెక్కలోకి తీసుకున్నాను. నాకు వచ్చిన ఫలితమే మీకూ వస్తుందని చెప్పలేను. మీ మీటరుతో మీరూ ఒకసారి చూసుకోవాలి.

ముందుగా రొట్టె గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ సెంటర్‌కు పేరు తెచ్చింది అదే. ఇక్కడ వాడేది పచ్చజొన్న. నారాయణపేట వైపు నుంచి వచ్చే జొన్నలు తెచ్చి, కడిగి ఆరబోసి, గిర్నిలో కొంచెం బరకగా పట్టిస్తారు. పిండి మరీ మెత్తగా ఉంటే త్వరగా అరిగి చక్కెర కూడా త్వరగా ఎక్కుతుంది కాబట్టి ఈ బరకతనం మనకు మేలే. రొట్టెలు చేసే ఆమెను అందరూ అక్క అనే పిలుస్తారు. మరిగే నీళ్లు పిండిలో పోసి కట్టె గరిటెతో కలిపి, చెయ్యి పట్టేంత వేడికి వచ్చాక ఒక్కో ముద్దను అరచేతి మడమతో గట్టిగా మర్దిస్తుంది. పీట మీద పొడిపిండి చల్లి, ముద్దను తిప్పుతూ అంచుల నుంచి లోపలికి తడుతుంది. గోధుమలో ఉండే జిగట జొన్నలో ఉండదు కాబట్టి అంచు పగలకుండా రొట్టె తట్టడం అలవాటు ఉన్న చేతికే సాధ్యం. పెనం మీద వేసిన వెంటనే పైభాగాన తడిగుడ్డతో నీళ్లు పులుముతుంది. ఆ నీరు ఆరగానే తిరగేసి, చివరికి నిప్పుల మీద రొట్టె పొంగేదాకా కాలుస్తుంది. నూనె చుక్క కూడా పడదు. గోధుమపిండి గానీ బియ్యపుపిండి గానీ కలపరు. కలిపితే తట్టడం సులభమవుతుందని కొన్నిచోట్ల కలుపుతారు, ఇక్కడ ఆ పని లేదని పిండి డబ్బా ముందు నిలబడి చూసి చెబుతున్నాను.

రుచి విషయంలో నాకు ఏ అభ్యంతరమూ లేదు. వేడి మీద తింటే మధ్యలో మెత్తగా, అంచున కరకరలాడుతూ, జొన్నకు సహజంగా ఉండే తీపి తెలుస్తూ ఉంటుంది. చల్లారితే గట్టిపడుతుంది కాబట్టి పార్సిల్ కన్నా అక్కడే తినడం మంచిది. పళ్లు సరిగా లేని పెద్దవాళ్లకు పార్సిల్ తీసుకెళితే పప్పులో కొంతసేపు నానబెట్టి పెట్టాలి.

అయితే జొన్న అన్నంత మాత్రాన ఎంతైనా తినవచ్చని అనుకునేవారు మనలో చాలామంది ఉన్నారు. ఈ మాట గట్టిగా చెప్పాలి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల జొన్నలో దాదాపు 68 గ్రాముల పిండిపదార్థం, 10 గ్రాముల మాంసకృత్తులు, 10 గ్రాముల పీచు ఉంటాయి. తెల్ల బియ్యంలో పిండిపదార్థం 78 గ్రాములు, పీచు 3 గ్రాముల లోపు. అంటే పీచులో తేడా చాలా పెద్దది, పిండిపదార్థంలో తేడా చిన్నది. ఇక్కడి రొట్టె ఒక్కదానికి చూపుకు 60 గ్రాముల పిండి పడుతుంది. రెండు రొట్టెలు తింటే 80 గ్రాముల పిండిపదార్థం లోపలికి వెళుతుంది. 100 గ్రాముల బియ్యం వండుకుని తిన్నా వచ్చేది దాదాపు అంతే. ఒక రొట్టెతో పప్పు, కూర ఎక్కువగా పెట్టించుకుని తిన్నప్పుడు నా రీడింగ్ 180 లోపే నిలిచింది. రెండు రొట్టెలు తిన్నప్పుడు దాటింది. ఒక రొట్టెకు ఆకలి తీరదని భయపడనవసరం లేదు. పక్కన ఉండేవి సరిగా ఉంటే మధ్యాహ్నం దాకా కడుపు నిండుగానే ఉంటుంది.

ఆ పక్కన ఉండే వాటిలోనే ఈ సెంటర్ మిగతా దుకాణాలను మించిపోయింది. సాయంత్రం రొట్టెల బండ్ల దగ్గర రొట్టెకు తోడు ఎల్లిపాయ కారమో, ఒక గరిటె పలుచని కూరో ఇస్తారు. ఇక్కడ పొద్దున పూట రోజూ ఒక ఆకుకూర పప్పు ఉంటుంది: పుంటికూర ఒకరోజు, పాలకూర ఒకరోజు, తోటకూర ఒకరోజు. పప్పు చిక్కగా, కందిపప్పు పలుకు తెలిసేటట్టు ఉంటుంది. గరిటె పెడితే నీళ్లలా జారిపోదు. దాంతో పాటు బెండకాయో బీరకాయో చిక్కుడుకాయో ఏదో ఒక కూర ఉంటుంది. మొదటిసారి నేను రెండు రొట్టెలు అడిగితే అక్క నా చేతిలోని మందుల సంచి చూసి, ‘షుగర్ ఉన్నదా సార్? అయితే రొట్టె ఒక్కటి తినుండ్రి, పప్పు జర ఎక్కువ ఎయ్యనా?’ అని అడిగింది. అమ్ముకునేవారు ఒక రొట్టె తగ్గించుకోమని చెప్పడం నాకు చాలా గౌరవంగా అనిపించింది. పప్పు రెండోసారి వేసినందుకు 10 రూపాయలు మాత్రమే అదనంగా తీసుకున్నారు.

ఇక గుడాలు. బొబ్బర్లు గానీ శనగలు గానీ రాత్రి నానబెట్టి, పొద్దున ఉడకబెట్టి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, కొద్దిగా నూనెతో తాలింపు పెడతారు. మన ఊళ్లలో పండుగలకు, వానాకాలం సాయంత్రాలకు చేసుకునే ఈ గుడాలను టిఫిన్‌గా పెట్టిన ఆలోచన ఎవరిదో గానీ, షుగర్ ఉన్నవారికి ఇంతకన్నా మంచి పదార్థం ఈ దుకాణంలో మరొకటి లేదు. గింజ గింజగా ఉండే పప్పుధాన్యం నెమ్మదిగా అరుగుతుంది, పీచు ఎక్కువ, మాంసకృత్తులు ఎక్కువ. నేను ఒక చిన్న ప్లేటు గుడాలు ముందు తిని, ఆ తరువాత రొట్టె తింటాను. కూరగాయలు, మాంసకృత్తులు ముందు తిని పిండిపదార్థం తరువాత తింటే చక్కెర తక్కువగా పెరుగుతుందని పరిశోధనల్లోనూ తేలింది. నా మీటరు కూడా అదే చూపించింది. గుడాలు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి కాబట్టి రొట్టె కోసం ఎదురుచూసే సమయంలో ఇవి తినేయవచ్చు. గ్యాస్ ఇబ్బంది ఉన్నవారు కొద్దికొద్దిగా మొదలుపెట్టడం మంచిది. మూత్రపిండాల జబ్బు కూడా ఉన్నవారు పప్పుధాన్యాలు ఎంత తినవచ్చో తమ డాక్టరును అడిగి తీరాలి.

పెసరట్టు ఇక్కడ రెండో స్థానంలో ఉంటుంది. పొట్టుతో ఉన్న పెసలు నానబెట్టి రుబ్బుతారు. హోటళ్లలో అట్టు కరకరలాడాలని దోసెడు బియ్యం కలపడం మామూలే. ఇక్కడ కలుపుతారా అని అడిగితే, గుప్పెడు కలుపుతామని దాచకుండా చెప్పారు. ముందురోజు చెబితే బియ్యం లేకుండా విడిగా రుబ్బి ఉంచుతామన్నారు, అలాగే చేశారు కూడా. 50 గ్రాముల పెసలతో చేసిన అట్టులో పిండిపదార్థం 23 గ్రాములు, మాంసకృత్తులు 11 గ్రాములు ఉంటాయి. అదే బరువు బియ్యంతో పోలిస్తే పిండిపదార్థం చాలా తక్కువ, మాంసకృత్తులు రెండింతలకు పైన. నా రీడింగులన్నిటిలో తక్కువగా వచ్చినవి పెసరట్టు, గుడాలు తిన్న రోజులవే. ఉప్మా పెసరట్టు మాత్రం అడగవద్దు. అట్టు లోపల బొంబాయి రవ్వ ఉప్మా పెడితే చేసిన మేలంతా పోతుంది. నూనె కొంచెం ఎక్కువే పోస్తున్నారు, తక్కువ వేయమని చెబితే తగ్గిస్తారు.

ఇప్పుడు బోర్డు మాటకు నిలవని వాటి సంగతి. ‘మిల్లెట్ ఇడ్లీ’, ‘కొర్ర దోశ’ అన్న రెండు పదార్థాలకు ఇక్కడ బాగా గిరాకీ ఉంది, ఎందుకంటే షుగర్ వచ్చినా ఇడ్లీ మానలేని వారికి అవి ఊరటగా కనిపిస్తాయి. ఇడ్లీ తెల్లగా, మెత్తగా ఉన్నందుకు అనుమానం వచ్చి అడిగాను. జొన్న రవ్వ ఒక వంతు, మామూలు ఇడ్లీ రవ్వ రెండు వంతులు, మినప్పప్పు ఒక వంతు అని చెప్పారు. ఉత్త జొన్న రవ్వతో చేస్తే గట్టిగా వస్తాయి, జనం తినరు అన్నది వారి సమాధానం. అది వ్యాపారంగా అర్థం చేసుకోదగినదే, కానీ అప్పుడు ఆ పదార్థాన్ని షుగర్ ఉన్నవారికి ప్రత్యేకం అనకూడదు. ఈ ఇడ్లీలు నాలుగు తిన్న రోజు నా రీడింగ్ 200 దాటింది. మామూలు హోటల్ ఇడ్లీకి, దీనికి నాకు తేడా కనిపించలేదు. మెత్తగా నూరి, పులియబెట్టి, ఆవిరికి ఉడికించిన పిండి ఏ ధాన్యానిదైనా త్వరగా అరుగుతుంది. కొర్ర దోశ పిండిలో కూడా బియ్యం సగం ఉంది. తప్పనిసరిగా తినాలనిపిస్తే రెండు ఇడ్లీలతో ఆపి, ఒక ప్లేటు గుడాలో ఉడికించిన గుడ్డో జోడించుకోవడం మంచిది.

కొర్ర ఉప్మా మధ్యస్థంగా ఉంది. కొర్రలను రవ్వ చేయకుండా గింజగానే వండుతారు, అది మెచ్చుకోవలసిన విషయం. కానీ క్యారెట్, బీన్స్ పేరుకు నాలుగు ముక్కలు కనిపిస్తాయి. కొర్రలు, కూరగాయలు సమంగా ఉంటే ఇది మంచి టిఫిన్ అయ్యేది. ఇంట్లో నేను అలాగే చేసుకుంటున్నాను. ఇక్కడ అరప్లేటు ఇవ్వడం లేదు, అది ఇబ్బంది.

అంబలి దగ్గర కొంచెం ఆగాలి. మనవాళ్లకు తైదల (రాగుల) మీద అపారమైన నమ్మకం, అందులో తప్పేమీ లేదు. 100 గ్రాముల తైదల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, మన తిండి ధాన్యాల్లో దానికి సాటి వచ్చేది లేదు. కానీ మెత్తటి తైదపిండిని జావగా కాచి తాగితే నమలవలసిన పని ఉండదు, కడుపులో ఎక్కువసేపు నిలవదు, చక్కెర త్వరగా ఎక్కుతుంది. ఈ సెంటర్‌లో రెండు రకాలు ఉన్నాయి. మజ్జిగ, ఉల్లిగడ్డ ముక్కలు, ఉప్పు వేసి ఇచ్చే పులిసిన అంబలి ఒకటి. పాలు, బెల్లం వేసిన రాగి మాల్ట్ మరొకటి. మొదటిది చిన్న గ్లాసు వరకు ఫర్వాలేదు, అది కూడా టిఫిన్‌తో పాటు అదనంగా తాగితే లెక్క మారిపోతుంది. రెండోది షుగర్ ఉన్నవారు తాగదగినది కాదు. బెల్లం సహజమైనది కాబట్టి చక్కెర లాంటిది కాదన్న మాట పక్క బల్ల మీద నుంచి నాకు వినిపించింది. బెల్లంలో అధికభాగం చక్కెరే, రక్తంలో అది చేసే పని కూడా చక్కెర చేసే పనే. రాగి మాల్ట్‌ను కూడా అదే బోర్డు కింద అమ్మడం ఈ దుకాణం గురించి నాకున్న పెద్ద ఫిర్యాదు.

చట్నీల విషయానికి వస్తే, పల్లీల చట్నీ చిక్కగా, మంచిగా ఉంది. పల్లీల వల్ల చక్కెర పెద్దగా పెరగదు. పుట్నాల చట్నీ నీళ్లగా ఉంది. అల్లం చట్నీలో బెల్లం వేస్తారు, అది వద్దని చెప్పాలి. నువ్వుల పొడి, అవిసె గింజల పొడి అడిగినవారికి ఇస్తారు, రెండూ బాగున్నాయి. ఉప్పు మాత్రం అన్నిట్లో ఒక పాలు ఎక్కువే. షుగర్ ఉన్నవారిలో చాలామందికి బీపీ కూడా ఉంటుంది కాబట్టి పప్పులో ఉప్పు తగ్గించి, కావలసినవారికి బల్ల మీద విడిగా పెడితే బాగుంటుంది. చలికాలంలో సజ్జ రొట్టెలు కూడా చేస్తారు, నువ్వులు అద్ది. సజ్జపిండి నిలవ ఉంటే త్వరగా చేదెక్కుతుంది. నేను తిన్నప్పుడు ఆ చేదు లేదు, అంటే ఎప్పటికప్పుడు పట్టిస్తున్నట్టే.

ఈ సెంటర్ దూరమయ్యేవారు, బస్సులో ప్రయాణం చేసేవారు మామూలు హోటల్‌లో ఏం తినాలన్నది కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే జడ్చర్లలోనో దేవరకొండలోనో దిగినప్పుడు మనకు దొరికేది ఇడ్లీ, వడ, పూరీ, మైసూర్ బజ్జీ. పూరీ, బజ్జీ మైదా, నూనె రెండూ కలిసినవి కాబట్టి వదిలేయడమే మేలు. వడ మినప్పప్పుతో చేసింది కనుక చక్కెర ఇడ్లీ అంతగా పెంచదు, కానీ నూనె బరువు ఉంటుంది. ఒక ఇడ్లీ, ఒక వడ, ఎక్కువ సాంబారు, బండి మీద దొరికితే రెండు ఉడికించిన గుడ్లు నాకు కుదిరిన సర్దుబాటు. బజారులో షుగర్ ఉన్నవారి కోసమని అమ్మే బిస్కెట్లు, పొడులు, చిటికెలో తయారయ్యే ఓట్స్ పొట్లాలు కొనేముందు వెనకవైపు అట్ట చదవాలి. ‘చక్కెర కలపలేదు’ అని ముందు రాసి, వెనక మైదా, మాల్టోడెక్స్‌ట్రిన్ అని ఉంటే దానికి విలువ లేదు. మాల్టోడెక్స్‌ట్రిన్ అంటే పిండిపదార్థం నుంచి తీసిన పొడి, అది చక్కెర అంత వేగంగానే రక్తంలోకి చేరుతుంది. మొత్తం కార్బోహైడ్రేట్లు అన్న వరుసలో ఉన్న అంకె చూడటం అలవాటు చేసుకోవాలి. ఆ పొట్లాల ధరకు ఈ సెంటర్‌లో వారం రోజుల గుడాలు వస్తాయి.

సేవ విషయంలో ఒక ముఖ్యమైన జాగ్రత్త. రొట్టె అడిగాకే తడతారు కాబట్టి ఎనిమిది దాటాక వెళితే అరగంట దాకా నిలబడవలసి వస్తుంది. గ్లిమెపిరైడ్ వంటి మాత్ర టిఫిన్‌కు ముందు వేసుకునేవారు, ఇన్సులిన్ తీసుకునేవారు ఇంటి దగ్గరే మందు వేసుకుని వచ్చి ఇక్కడ వరుసలో నిలబడకూడదు. ఆలస్యమైతే చక్కెర 70 కన్నా తగ్గిపోయి, చెమటలు, వణుకు, కళ్లు తిరగడం మొదలవుతాయి. అలా అనిపిస్తే రొట్టె కోసం చూడకుండా వెంటనే మూడు చెంచాల చక్కెరో గ్లూకోజు పొడో నీళ్లలో కలుపుకుని తాగి, పావుగంట తరువాత మళ్లీ రక్తం చూసుకోవాలి. ఇడ్లీల నుంచి గుడాలకు, పెసరట్టుకు మారితే పిండిపదార్థం బాగా తగ్గుతుంది కాబట్టి, అలాంటి మందులు వాడేవారు మోతాదు గురించి ముందే డాక్టరుతో మాట్లాడాలి. మాత్రను సొంతంగా మానేయడం గానీ తగ్గించడం గానీ చేయరాదు. ఒక్క మెట్‌ఫార్మిన్ మాత్రమే వాడేవారికి ఈ భయం తక్కువ. దాన్ని తిండితో పాటే వేసుకుంటారు.

పొద్దున ఆరున్నరకు తెరుస్తారు, పదిన్నరకు పొయ్యి ఆర్పేస్తారు. ఏడుకు ముందే వెళ్లేవారికి వేచి ఉండే పని లేదు. కూర్చోవడానికి నాలుగు బల్లలు ఉన్నాయి, మోకాళ్ల నొప్పులు ఉన్న పెద్దవాళ్లకు వీపు ఆనించుకునే కుర్చీలు రెండే. స్టీలు ప్లేట్లు వేడినీళ్లతో కడుగుతారు, తాగడానికి ఫిల్టర్ నీళ్లు పెడతారు. రొట్టె 20 రూపాయలు, పప్పు, కూర కలిపి 30, గుడాలు 20, పెసరట్టు 40. ఒక మనిషి 70 రూపాయలతో కడుపు నింపుకోవచ్చు. ఇడ్లీ బండి కన్నా ఇది ఎక్కువే, కూలికి వెళ్లేవారికి రోజూ సాధ్యం కాదు. వారు ఇంట్లో రాత్రే శనగలు నానబెట్టుకుంటే ఇంతకన్నా చౌకగా అదే మేలు జరుగుతుంది. వెనకే ఉన్న నీడ దారిలో తిన్న తరువాత పావుగంట నడిచి వెళ్లే అలవాటు ఇక్కడి పాత గిరాకీలకు ఉంది, నేనూ చేసుకున్నాను; అలా నడిచిన రోజు రీడింగ్ స్పష్టంగా తక్కువ వస్తోంది.

యజమానికి నేను మూడు విషయాలు చెప్పాను. ఇడ్లీలో, దోశలో ఏ పిండి ఎంత ఉందో బల్ల మీద రాసి పెట్టమన్నాను. రాగి మాల్ట్‌ను బెల్లం లేకుండా కూడా కాచమన్నాను, లేదా ఆ బోర్డు కింద నుంచి తీసేయమన్నాను. కొర్ర ఉప్మా అరప్లేటు, కూరగాయలు ఎక్కువ వేసి ఇవ్వమన్నాను. ఆయన కోపగించుకోలేదు, ఇడ్లీ సంగతి రాసి పెడతానని, మాల్ట్ గురించి ఆలోచిస్తానని అన్నారు. కిందటి వారం వెళ్లినప్పుడు ఇడ్లీ పాత్ర పక్కన సుద్దముక్కతో ‘ఇందులో బియ్యపు రవ్వ ఉంది’ అని రాసి ఉంది. మాల్ట్ ఇంకా బెల్లంతోనే ఉంది.